ఓడకు కుర్రాళ్లు కావాలి!

ప్రపంచ వ్యాపారం పెరిగింది. ఓడలూ పెరిగాయి. వాటిని నడపాల్సిన కొత్త తరం మాత్రం జీతం ఒక్కటీ చూసి ఓడెక్కడానికి సిద్ధంగా లేదు. ఇంటితో మాట్లాడే వీలుండాలి, చెప్పిన రోజుకు ఇంటికి పంపాలి, ఏజెంట్ల మోసం ఉండకూడదు అంటోంది. మరి నౌకా పరిశ్రమ వినిపించుకుంటోందా?

పుత్తూరు పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చేది విరిగిన ఎముకలకు వేసే కట్టు. ఆ తర్వాత మగ్గాలు, మామిడి తోటలు. సముద్రం మాత్రం గుర్తురాదు. ఊరి చుట్టూ కొండలే. ఓడ చూడాలంటే బస్సెక్కి నగరి, తిరుత్తణి దాటుకుని చెన్నై దాకా పోవాలి. వంద కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూగా.

అయినా ఈ ప్రాంతం ఏటా ఓడెక్కుతూనే ఉంది... డ్రమ్ముల్లో!

వేసవి చివర్లో చిత్తూరు, తిరుపతి జిల్లాల తోతాపురి కాయలు లారీల్లో గుజ్జు ఫ్యాక్టరీలకు చేరతాయి. అక్కడ గుజ్జు తీసి, వేడిచేసి, క్రిములు చేరని సంచుల్లో నింపి, ఆ సంచుల్ని ఇనుప డ్రమ్ముల్లో పెట్టి మూత బిగిస్తారు. ఒక్కో డ్రమ్ములో రెండు క్వింటాళ్ల పైచిలుకు గుజ్జు. ఇరవై అడుగుల కంటైనర్లో అలాంటివి ఎనభై పడతాయి. ఆ కంటైనర్ చెన్నై రేవులో ఓడెక్కి సౌదీకో, నెదర్లాండ్స్‌కో పోతుంది. అక్కడి పిల్లలు తాగే మామిడి రసంలో మన మట్టి తీపి ఉంటుందన్నమాట.

గుజ్జు పోయినంత సులువుగా ఇక్కడి కుర్రాడు ఓడెక్కలేడు. పుత్తూరులో ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. చదువైన పిల్లల చూపు చెన్నై, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల మీదో, దగ్గర్లోని శ్రీసిటీ ఫ్యాక్టరీల మీదో ఉంటుంది. మర్చంట్ నేవీ అన్నామా, 'నీళ్ల మీద బతుకెందుకు నాయనా' అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. వాళ్ల భయంలో సగం అపోహ. మిగతా సగం మాత్రం నిజమే. ఆ సగాన్ని సరిదిద్దుకోవాల్సింది ఓడల యజమానులే.

సరకు కొండంత... మనుషులు పిడికెడు

దేశాల మధ్య చేతులు మారే సరకులో ఎనభై శాతానికి పైగా ప్రయాణించేది సముద్రం మీదే. ఏటా 1,200 కోట్ల టన్నుల పైమాటే. మన ఇంట్లో గ్యాసు, వంటనూనె, చేతిలో ఫోను, పొలంలో ఎరువు... ఏదో ఒక దశలో ఓడెక్కి దిగినవే.

ఓడల సైజు కూడా ఊహకందదు. 2025 జూన్‌లో కేరళలోని విళింజం రేవుకు ఎంఎస్‌సీ ఇరినా అనే ఓడ వచ్చింది. పొడవు దాదాపు 400 మీటర్లు. ఇరవై అడుగుల కంటైనర్లయితే 24,346 పడతాయి. ఇంత ఓడలో ఎంతమంది ఉంటారనుకుంటున్నారు? ఒక ఆర్టీసీ బస్సు నిండేంత మంది కూడా ఉండరు. 2021 మార్చిలో సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు ప్రపంచ వ్యాపారానికి ఊపిరాడకుండా చేసిన ఎవర్ గివెన్ గుర్తుందా? అందులో సిబ్బంది పాతిక మంది. పాతిక మందీ భారతీయులే! ఓడ బయటపడ్డ తర్వాత కూడా పరిహారం గొడవ తేలేదాకా ఈజిప్టు దాన్ని వదల్లేదు. అది అక్కణ్నుంచి కదిలింది జులై 7న.

అంత తక్కువ మందితో అంత పెద్ద ఓడ నడుస్తోందంటే ఒక్కొక్కరి మీద ఎంత భారం ఉందో చూడండి. అలాంటి మనుషులు దొరకడమూ కష్టమవుతోంది. నౌకా యజమానుల సంఘాలైన బిమ్కో, ఇంటర్నేషనల్ ఛాంబర్ ఆఫ్ షిప్పింగ్ కలిసి 2021లో ఒక లెక్క తీశాయి. ప్రపంచం మొత్తమ్మీద నావికులు 18.9 లక్షల మంది. 2026 నాటికి అదనంగా 89,510 మంది అధికారులు కావాలని ఆ నివేదిక తేల్చింది. నావికులను ఎక్కువగా అందిస్తున్న మొదటి ఐదు దేశాల్లో ఫిలిప్పీన్స్, రష్యా, ఇండొనేషియా, చైనాలతో పాటు మనమూ ఉన్నాం. 2014 ప్రాంతంలో లక్ష చిల్లర ఉన్న భారతీయ నావికుల సంఖ్య పదేళ్లు తిరక్కుండానే రెండున్నర లక్షలు దాటింది.

మోటుపల్లి నుంచి మేఖల దాకా

తెలుగువాళ్లకు సముద్రం కొత్త కాదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ కనిపిస్తుంది. గోదావరి పాయ ఒడ్డున కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు. అక్కణ్నుంచి బర్మాకు వెళ్లిన మనవాళ్లను అక్కడ 'కోరంగీలు' అనేవారు.

వీటన్నిటికంటే ఆసక్తికరమైంది ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి శాసనం. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరకంతా రాజులు స్వాధీనం చేసుకునే రోజులవి. 1244-45లో కాకతీయ గణపతిదేవుడు ఆ పద్ధతి మానుకుంటున్నానని రాతి మీద చెక్కించాడు. నిర్ణీత సుంకం కట్టండి చాలు, మీ సొత్తుకు నాదీ పూచీ అన్నాడు. ఎనిమిది శతాబ్దాల కిందటి నౌకా విధానం! నడిసంద్రంలో ప్రాణాలొడ్డేవాడికి ఒడ్డున భరోసా ఉంటేనే రేవుకు వస్తాడని ఆయనకు తెలుసు.

స్వాతంత్య్రం వచ్చాక విశాఖ ఆ పాత్ర తీసుకుంది. అక్కడి సింధియా నౌకానిర్మాణ కేంద్రంలో తయారైన 'జల ఉష'ను 1948 మార్చిలో నెహ్రూ జలప్రవేశం చేయించారు. మామూలు నావికులకు శిక్షణ ఇవ్వడానికి దేశంలో మూడు శిక్షణ నౌకలుండేవి. కలకత్తాలో భద్ర, గుజరాత్ తీరంలో నౌలక్షి, విశాఖలో మేఖల. అధికారులు కావాలనుకునేవాళ్లు 1927లో మొదలైన బొంబాయి 'డఫరిన్' శిక్షణ నౌకలో సీటు సంపాదించాలి. ఆ రోజుల్లో ఓడ ఉద్యోగమంటే ఎక్కువగా తీరం పక్కన పుట్టినవాళ్లదో, అప్పటికే ఇంట్లో ఒకరు ఓడెక్కినవాళ్లదో. నాన్నో, మేనమామో చెబితేనే దారి తెలిసేది.

ఇప్పుడు దారి మారింది. 2008లో చెన్నై కేంద్రంగా ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఏర్పడింది. విశాఖపట్నంలోనూ దానికో క్యాంపస్ ఉంది. ఇంటర్ ఎంపీసీ చదివి ఐఎంయూ-సెట్ రాస్తే చాలు, సముద్రాన్ని ఎన్నడూ చూడని కొండ ప్రాంతం పిల్లాడైనా నాటికల్ సైన్స్‌లోనో, మెరైన్ ఇంజినీరింగ్‌లోనో చేరొచ్చు. మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసినవాళ్లకు గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజినీర్ కోర్సు ఉంది. పుత్తూరు లాంటి ఊళ్లలో మెకానికల్ పట్టా చేతపట్టుకుని ఏం చేయాలో తోచక తిరిగే పిల్లల్లో చాలామందికి ఈ సంగతే తెలియదు. తీరం నుంచి లోపలి ఊళ్లకు రావాల్సిన పరిశ్రమ ఇంకా రేవు గేటు దగ్గరే నిలబడి 'మనుషులు దొరకట్లేదు' అంటోంది.

చదువైంది... ఓడేదీ?

అసలు చిక్కు ఇక్కడుంది. ఒకపక్క అధికారుల కొరత అంటారు. మరోపక్క కోర్సు పూర్తిచేసిన కుర్రాళ్లు ఓడ దొరక్క నెలలూ ఏళ్లూ ఖాళీగా కూర్చుంటారు. ఇదెలా సాధ్యం?

నౌకా అధికారి కావడానికి తరగతి గది చదువు సగమే. మిగతా సగం సముద్రం మీద గడపాలి. దీన్నే సీ టైమ్ అంటారు. ఏడాది డిప్లొమా అయిన డీఎన్‌ఎస్ చేస్తే 18 నెలలు, మూడేళ్ల బీఎస్సీ నాటికల్ సైన్స్ చేస్తే 12 నెలలు క్యాడెట్‌గా ఓడ మీద పనిచేశాకే సెకండ్ మేట్ పరీక్షకు అర్హత. మెరైన్ ఇంజినీరింగ్ నాలుగేళ్లు చదివినవాళ్లకు ఆరు నెలలు. ఆ క్యాడెట్ చోటు దొరకడమే గగనం. కొరత ఉన్నది అనుభవమున్న అధికారులకు. అనుభవం లేనివాళ్లకు మొదటి అవకాశం ఇవ్వాలంటే మాత్రం ఎవరికి వారు పక్క కంపెనీ వైపు చూస్తారు. తాము నేర్పిస్తే రేపు ఇంకొకరు ఎగరేసుకుపోతారన్న లెక్క!

దీనికి మరో కారణం ఓడలోనే ఉంది. ఓడలో గదులు ఇన్నేనని కట్టేటప్పుడే ఖాయమైపోతుంది. ప్రాణరక్షక పడవల్లో ఎందరు పడితే అందర్నే ఎక్కించాలి. క్యాడెట్ కోసం అదనపు గది కావాలంటే ఓడ డిజైన్ గీసే రోజే ఆలోచించాలి. సిబ్బందిని తగ్గించుకుంటూ వచ్చిన యజమానులు చాలామంది ఆ ఆలోచన చేయలేదు.

మన దేశంలో కొంత ప్రయత్నం జరిగింది. నౌకా సంస్థలు మామూలు ఆదాయపు పన్నుకు బదులు ఓడ సామర్థ్యాన్ని బట్టి పన్ను కట్టే పద్ధతి 2004లో వచ్చింది. దాన్ని ఎంచుకున్న కంపెనీలు కొందరు ట్రైనీలను తీసుకుని తీరాలన్న షరతు పెట్టారు. అయితే మన జెండాతో నడిచే ఓడలెన్ని? భారతీయ నావికుల్లో అత్యధికులు పనిచేసేది విదేశీ జెండాల కింద. అక్కడ మన షరతు చెల్లదు. మన దగ్గర ఏటా శిక్షణ పొందే పిల్లల సంఖ్యకూ, ఓడల మీద దొరికే క్యాడెట్ చోట్లకూ పొంతన కుదరనంత కాలం పరిశ్రమ ఎన్ని ప్రకటనలిచ్చినా నమ్మకం పుట్టదు. ముందు క్యాడెట్‌ను ఎంపిక చేసుకుని, ఆ తర్వాత కాలేజీలో చేర్పించే కంపెనీలు కొన్ని ఉన్నాయి. డీఎన్‌ఎస్‌లో చేరాలంటే ఇలాంటి స్పాన్సర్‌షిప్ ముందే తెచ్చుకోవాలి. ఈ పద్ధతి అన్ని కోర్సులకూ పాకితే ఇంట్లోవాళ్లు అప్పుచేసి ఫీజు కట్టే ముందు కాస్త ధైర్యం ఉంటుంది.

ఏజెంటు చెప్పని సంగతులు

కోర్సు అయ్యి ఓడ దొరకని కుర్రాడి చుట్టూ ఈగల్లా ముసిరేది ఏజెంట్లు. 'ఇంత ఇస్తే నెలలో ఓడెక్కిస్తా' అంటారు. తల్లి మెళ్లో గొలుసు తాకట్టుకు పోతుంది. మరి చట్టం ఏమంటుంది?

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో చేసిన సముద్ర కార్మిక ఒప్పందం 2013 ఆగస్టు 20 నుంచి అమల్లోకి వచ్చింది. మన దేశం 2015లో దానికి ఆమోదముద్ర వేసింది. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర పైసా తీసుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది. వైద్య ధ్రువపత్రం, నావికుడి పుస్తకం, పాస్‌పోర్టు ఖర్చులు మాత్రమే అతనివి. మన దేశంలో ఓడలకు మనుషుల్ని పంపే సంస్థకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. ఆ జాబితా డైరెక్టరేట్ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా ఉంటుంది. అందులో పేరు లేని ఏజెంటు ఎంత తియ్యగా మాట్లాడినా వెనక్కి తిరిగి రావడమే మేలు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. నకిలీ ఏజెంట్లు ఎక్కించే ఓడలు తరచూ ముసలివై ఉంటాయి. యజమాని ఎవరో తేలదు. జీతం ఆగిపోతుంది, తిండి అయిపోతుంది, ఓడ ఏదో పరాయి రేవులో లంగరేసుకుని ఉండిపోతుంది. రెండు నెలలు జీతం ఇవ్వకపోయినా, ఇంటికి పంపే ఖర్చు భరించకపోయినా ఆ నావికుణ్ని 'వదిలేసినట్లే' అని ఒప్పందం చెబుతోంది. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్కల ప్రకారం 2024లో అలా వదిలేసిన ఓడలు 312. వాటిలో చిక్కుకున్నవాళ్లు మూడు వేలకు పైనే. దేశాల వారీగా చూస్తే అందరికంటే ఎక్కువమంది మనవాళ్లే... 899 మంది!

ఇలాంటి వార్త ఒక్కటి ఊరికి చేరితే చాలు. ఆ ఊళ్లో పదేళ్లపాటు ఎవరూ ఓడ మాటెత్తరు. మంచి కంపెనీలు చెడ్డ కంపెనీలతో తమకేం సంబంధమని ఊరుకుంటే నష్టపోయేది వాళ్లే.

సిగ్నల్ ఉందా?

ఇక ఓడెక్కాక. ఒకప్పటి నావికుడికి ఇంటి క్షేమ సమాచారం తెలిసేది రేవులో చేతికందే ఉత్తరంతోనే. ఆ తర్వాత ఉపగ్రహ ఫోన్లు వచ్చాయి. కార్డు గీకి నాలుగు మాటలు మాట్లాడేలోపే డబ్బు అయిపోయేది. ఆ తరానికి అదే మహాభాగ్యం. చేతిలో ఫోనుతో పెరిగిన ఇప్పటి పిల్లలకు మాత్రం నెట్ లేని ఓడంటే జైలే. ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు 'వైఫై ఎంత ఇస్తారు' అని అడుగుతున్నారని పాతకాలపు కెప్టెన్లు విసుక్కుంటారు. విసుగెందుకు? చంటిబిడ్డ మొదటి అడుగు వీడియోలో చూడాలనుకోవడం తప్పా?

కార్మిక సంఘాలు, యజమానులు, ప్రభుత్వాలు 2022లో కూర్చుని దీని మీదే వాదించుకున్నాయి. చివరికి నావికులకు ఇంటర్నెట్ సదుపాయం కల్పించాలని సముద్ర కార్మిక ఒప్పందంలో సవరణ చేర్చారు. అది 2024 డిసెంబరు 23 నుంచి అమల్లోకి వచ్చింది. రుసుము వసూలు చేస్తే అది సబబుగా ఉండాలి. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహాల వల్ల నడిసంద్రంలోనూ వీడియో కాల్ మాట్లాడుకునేంత వేగం వచ్చేసింది.

అయితే దీనికో మరో ముఖముంది. ఇదివరకు డ్యూటీ దిగాక అందరూ మెస్‌రూమ్‌కు చేరేవాళ్లు. క్యారమ్స్, పేకాట, ఒకే సినిమా పదిసార్లు. ఇప్పుడెవరి గదిలో వాళ్లు, ఎవరి ఫోను వాళ్లది. పక్క గది కుర్రాడు దిగులుగా ఉన్నాడన్న సంగతి కూడా తెలియడం లేదు. పాతిక మంది ఉన్న ఓడలో అది చిన్న విషయం కాదు. నెట్ ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు. అందరూ కలిసి భోంచేసే ఒక పూటని కూడా కాపాడుకోవాలి. ఆ పని ఏ చట్టమూ చేయలేదు. మంచి కెప్టెన్, మంచి వంటవాడు చేయగలరు. పప్పు, చారు ఉన్న రోజు మెస్‌రూమ్‌కు ఎవర్నీ పిలవనక్కర్లేదు!

నిద్ర లెక్కలు

కొత్త తరం గట్టిగా అడుగుతున్న రెండో సంగతి సమయం. నిబంధన ప్రకారం ప్రతి 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. కాగితం మీద ఇది దాదాపు ప్రతి ఓడలోనూ అమలవుతుంది. స్వీడన్‌లోని వరల్డ్ మారిటైమ్ యూనివర్సిటీ 2020లో వెలువరించిన అధ్యయనం అసలు గుట్టు బయటపెట్టింది. తనిఖీల్లో తప్పు దొరక్కుండా పని గంటల రికార్డులను 'సర్దడం' ఓడల్లో మామూలైపోయిందని తేల్చింది. రేవులో ఓడ నిలబడే సమయం తగ్గేకొద్దీ సరకు దించడం, ఎక్కించడం, తనిఖీలు, కాగితాలు అన్నీ ఆ కొద్ది గంటల్లోనే అయిపోవాలి. పాతికమందిలో ఎవరు నిద్రపోవాలి?

కాంట్రాక్టు కాలం ఇంకో తలనొప్పి. మంచి కంపెనీల్లో అధికారులకు నాలుగు నుంచి ఆరు నెలలు. కింది స్థాయివాళ్లకు అంతకంటే ఎక్కువ. పన్నెండు నెలల లోపు ఇంటికి పంపాలన్నది నియమం. 2020లో కొవిడ్ వచ్చి రేవులన్నీ తలుపులు మూసుకున్నప్పుడు ఆ నియమం గాల్లో కలిసిపోయింది. ఆ ఏడాది చివరికి సుమారు నాలుగు లక్షల మంది నావికులు కాంట్రాక్టు ముగిసినా ఓడల్లోనే చిక్కుకుపోయారు. లోకమంతా ఇళ్లలో కూర్చుని ఆన్‌లైన్‌లో ఆర్డర్లు పెడుతుంటే ఆ సరకు మోసినవాళ్లు ఇంటి ముఖం చూడలేదు. ఆ అనుభవంతో సముద్రానికి దండం పెట్టి ఒడ్డున స్థిరపడ్డవాళ్లున్నారు. వాళ్ల ఖాళీలు నింపాల్సింది ఇప్పటి ఇంటర్ పిల్లలే.

ఇక యుద్ధాలు. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా ఓడలు సూయజ్ వదిలి ఆఫ్రికా ఖండమంతా చుట్టి వెళ్లాయి. యూరప్‌కు పది రోజుల అదనపు ప్రయాణం. 2024 మార్చి 6న ట్రూ కాన్ఫిడెన్స్ ఓడపై క్షిపణి పడి ముగ్గురు నావికులు చనిపోయారు. మిగతావాళ్లను కాపాడింది మన నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ కోల్‌కతా. ఆ తర్వాతి నెలలో ఇరాన్ పట్టుకున్న ఎంఎస్‌సీ ఏరీస్‌లో 17 మంది భారతీయులున్నారు. ప్రమాదకరంగా ప్రకటించిన ప్రాంతాలకు వెళ్లనని చెప్పే హక్కు అంతర్జాతీయ వేతన ఒప్పందాల కింద పనిచేసే నావికులకు ఉంది. ఆ మాట చెప్పిన కుర్రాడికి తర్వాతి కాంట్రాక్టు దొరుకుతుందా లేదా అన్నదే అసలు పరీక్ష.

దుర్గమ్మను చూసిన కెప్టెన్

2015 జూన్. బంగాళాఖాతం అల్లకల్లోలంగా ఉంది. కాకినాడ నుంచి వేటకెళ్లిన 'దుర్గమ్మ' అనే పడవ ఇంజిన్ చెడి, లంగరు తెగి కొట్టుకుపోతోంది. తిండీ, నీళ్లూ అలలకు పోయాయి. చేపల కోసం తెచ్చుకున్న ఐసు ముక్కలే ఏడుగురికీ ఆహారం. వాళ్లలో చిన్నవాడి వయసు పదిహేనేళ్లు. ఇంటిదగ్గర ఆశలు వదిలేసుకున్నారు.

జూన్ 22న ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరానికి దూరంగా వెళ్తున్న షిప్పింగ్ కార్పొరేషన్ చమురు ఓడ 'సంపూర్ణ స్వరాజ్య' నుంచి సెకండ్ ఆఫీసర్‌కు ఆ పడవ కనిపించింది. అలలు పాతిక అడుగుల ఎత్తున లేస్తున్నాయి. ఓడను దగ్గరకు తీసుకెళ్లి, నిచ్చెన దించి, ఏడుగురినీ పైకి లాగే దాకా ఆ కెప్టెన్ వదల్లేదు. ఆవిడ పేరు రాధికా మేనన్. కేరళకు చెందిన ఆమె రేడియో ఆఫీసరుగా మొదలై మన మర్చంట్ నేవీలో తొలి మహిళా కెప్టెన్ అయ్యారు. సముద్రంలో అసాధారణ సాహసానికి అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఇచ్చే పురస్కారాన్ని 2016లో అందుకున్నారు. ఆ పురస్కారం పొందిన తొలి మహిళ కూడా ఆమే.

అలాంటివాళ్లు ఎందరున్నారు? 2021 నాటి ఆ నివేదికలోనే ఉంది: ప్రపంచం మొత్తమ్మీద 24,059 మంది మహిళా నావికులు. అంటే నూటికి ఒకటీ పాతిక! మనుషులు చాలడం లేదని మొత్తుకునే పరిశ్రమ సగం జనాభాను గుమ్మంలోనే నిలబెట్టిందన్నమాట. రక్షణ దుస్తులు మగవాళ్ల కొలతల్లోనే ఉంటాయి. ఓడంతటికీ ఒక్కతే అమ్మాయి అయితే ఎవరితో చెప్పుకోవాలి? క్యాడెట్లుగా ఇద్దరమ్మాయిలను ఒకేసారి ఎక్కించడం, ఫిర్యాదు చేస్తే ఓడ మీది పెద్దలకు కాకుండా నేరుగా ఒడ్డున ఉన్న ఆఫీసుకు చేరేలా చూడటం... వీటికి కోట్లు ఖర్చు కావు.

డీజిల్ తర్వాత?

కుర్రకారుకు కలిసొచ్చే సంగతీ ఒకటుంది. ఓడల ఇంధనం మారుతోంది. 2050 నాటికో, ఆ చుట్టుపక్కలో నౌకల కాలుష్యాన్ని నికరంగా సున్నాకు తేవాలని సభ్య దేశాలు 2023 జులైలో అంతర్జాతీయ సముద్రయాన సంస్థలో ఒప్పుకున్నాయి. ఆ ఏడాదే మిథనాల్‌తో నడిచే తొలి కంటైనర్ ఓడ 'లారా మెర్స్క్' నీళ్ల మీదికొచ్చింది. అమ్మోనియా, ద్రవ సహజవాయువు ఇంజిన్లూ వస్తున్నాయి. అమ్మోనియా లీకైతే ఏం చేయాలో పాతికేళ్ల అనుభవమున్న చీఫ్ ఇంజినీర్‌కూ కొత్తే. 2030ల మధ్య నాటికి ఎనిమిది లక్షల మంది దాకా నావికులకు అదనపు శిక్షణ అవసరం కావచ్చని డీఎన్‌వీ సంస్థ 2022లో అంచనా వేసింది.

అంటే గురువూ శిష్యుడూ ఒకే బెంచీ మీద కూర్చోవాల్సిన రోజులు! సముద్రం ఎప్పుడు ఎలా తిరగబడుతుందో పెద్దాయనకు తెలుసు. తెర మీద మినుకుమినుకుమనే హెచ్చరికను చదవడం కుర్రాడికి తెలుసు. పాత ఓడల్లో క్యాడెట్ అంటే తుప్పు గీకేవాడు, టీ తెచ్చేవాడు. ఆ అలవాటు మార్చుకున్న ఓడలో కుర్రాళ్లు నిలుస్తారు. లేకపోతే రెండు కాంట్రాక్టులు చేసి, కాస్త అప్పు తీర్చుకుని, బెంగళూరు బస్సెక్కుతారు.

జీవితమంతా సముద్రం మీదే గడపాలనీ లేదు. పది పదిహేనేళ్లు ఓడలో చేసినవాళ్లకు ఒడ్డున రేవు పైలట్, ఓడల తనిఖీ అధికారి, నౌకా యాజమాన్య సంస్థల్లో సూపరింటెండెంట్, శిక్షణ కాలేజీల్లో అధ్యాపకుడు లాంటి కొలువులుంటాయి. చెన్నై, కామరాజర్, కాట్టుపల్లి, కృష్ణపట్నం... ఇన్ని రేవులు పుత్తూరుకు ఒక్కపూట ప్రయాణం. ఈ రెండో అంచె గురించి మొదటి రోజే చెప్పే కంపెనీలు తక్కువ. చెబితే, పిల్లనిచ్చే మామగారు కూడా కాస్త మెత్తబడతారు!

మన చట్టమూ మారుతోంది. 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం స్థానంలో కొత్తదాన్ని 2025లో పార్లమెంటు ఆమోదించింది.

ఇంట్లో ఎవరైనా ఓడెక్కుతానంటే కంగారు పడకండి. అడగాల్సినవి అడగండి. ఆ కాలేజీకి డైరెక్టరేట్ గుర్తింపు ఉందా? గత మూడేళ్లలో చదివినవాళ్లలో ఎందరికి ఓడ దొరికింది, ఏ కంపెనీల్లో? స్పాన్సర్‌షిప్ కాగితం మీద ఉందా, నోటిమాటేనా? కాంట్రాక్టు ఎన్ని నెలలు? ఇక ఫీజుల గురించి ఆలోచించే ముందు ఒకసారి కళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లిరండి. నాటికల్ కోర్సులకు అద్దాలు లేని మంచి చూపు కావాలి. ఇంజినీరింగ్ వైపు కొంతవరకు అద్దాలకు వెసులుబాటు ఉంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోతే మాత్రం రెండింటికీ తలుపులు మూసినట్లే. రాత్రిపూట ఎదురొచ్చే ఓడ ఎటు తిరుగుతోందో చెప్పేవి ఆ రెండు దీపాలే.